సఫారీ సందేహాలు: మూడు రాత్రులూ ఒక్కచోటే ఉండండి

పోయిన నెల ఈ పేజీలో దక్షిణాఫ్రికా ప్రయాణం గురించి నాలుగు మాటలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. దాదాపు అన్నీ అక్కడి క్రూగర్ నేషనల్ పార్కు పక్కనున్న ప్రైవేట్ గేమ్ రిజర్వుల (సొంతదార్లు నడిపే వన్యప్రాణుల అడవుల) గురించీ, వాటిలోని ఖరీదైన లాడ్జిల గురించీ అడిగినవే. ఆ రిజర్వుల్లో ఒకటైన సాబీ శాండ్‌లో, ఒక లాడ్జిలో తొమ్మిదేళ్లు అతిథుల బాగోగులు చూసే ఉద్యోగం చేశాను. బుకింగు మాట్లాడటం దగ్గర్నుంచి, వెళ్లే రోజు సామాను బండిలో పెట్టించి చెయ్యి ఊపేదాకా నా పనే. అక్కడ చూసిందీ నేర్చుకున్నదీ పెట్టుకునే ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, సెప్టెంబరులో మావారూ నేనూ వెళ్తున్నాం. మూడు రాత్రులకి డబ్బు సిద్ధం చేసుకున్నాం. మూడు వేరే వేరే లాడ్జిల్లో ఒక్కో రాత్రి ఉంటే అన్నీ చూసినట్టుంటుందని మా ఆలోచన. ఇంకో మాట. పక్కనే క్రూగర్ పార్కులో సొంతంగా కారు నడుపుకుంటే చాలా తక్కువలో అయిపోతుంది కదా, ఈ లాడ్జిలకి అంత డబ్బు ఎందుకని అందరూ అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. అది తేలితే మొదటిది సగం తేలిపోతుంది.

క్రూగర్ నేషనల్ పార్కు దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లు. దాని పడమటి అంచుని ఆనుకుని సాబీ శాండ్, టింబవాటి, క్లాసెరీ లాంటి ప్రైవేట్ రిజర్వులున్నాయి. సాబీ శాండ్ సుమారు 65,000 హెక్టార్లు. క్రూగర్‌కీ దానికీ మధ్య ఉన్న కంచెని 1993లో తీసేశారు. కాబట్టి జంతువులు అవే. పొద్దున క్రూగర్‌లో మేసిన ఏనుగులు సాయంత్రానికి మా లాడ్జి ముందున్న నీళ్లగుంట దగ్గరికి వచ్చేవి. మీరు ఎక్కువ కట్టేది వేరే జంతువుల కోసం కాదు.

క్రూగర్‌లో సొంత కారుతో తిరగడం చాలా మంచి అనుభవం. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకి నేను అదే చెప్తాను. కానీ అక్కడ రోడ్డు దిగకూడదు. తారు రోడ్డు మీద గంటకి 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్లు దాటకూడదు. చీకటి పడేలోపు క్యాంపుకి చేరాలి, లేదా గేటు దాటాలి. సింహం రోడ్డుకి వంద మీటర్ల లోపలికి వెళ్లి పొదలో పడుకుందంటే మీకు దాని చెవి కొస తప్ప ఏమీ కనిపించదు, ఆ చెవి కోసం పదిహేను కార్లు వరసలో ఉంటాయి. ప్రైవేట్ రిజర్వులో మీరు టాపు లేని ల్యాండ్ క్రూజర్‌లో కూర్చుంటారు. రేంజర్ నడుపుతాడు, బానెట్ ముందు బిగించిన చిన్న సీటు మీద జంతువుల జాడలు వెతికే ట్రాకర్ కూర్చుంటాడు. అవసరమైతే దారి వదిలి పొదల్లోకి పోనిస్తారు. ఒక జంతువు దగ్గర సాధారణంగా రెండు మూడు బళ్లకి మించి ఉండనివ్వరు, మిగతావాళ్లు రేడియోలో వంతు చెప్పుకుని దూరంగా ఆగుతారు. చీకటి పడ్డాక స్పాట్‌లైటుతో కూడా తిరుగుతారు.

అసలు డబ్బంతా ఆ ముందు సీటులో ఉంది. మా దగ్గర ఒక పెద్దాయన ట్రాకర్‌గా ఉండేవారు, షంగాన్ తెగ మనిషి. ఒక జూన్ నెల పొద్దున ఆయన చెయ్యెత్తగానే బండి ఆగింది. దిగి, ఇసుక దారి మీద వంగి, వేలితో ఒక చోట చుట్టూ గీశారు. మా కళ్లకి అది ఉత్త ఇసుకే. ఆయన చూపించాక ఒక్కొక్కటీ తేలాయి. వెడల్పాటి మెత్త ముద్ర, దాని వెనక అంచున మూడు వంపులు, ముందు నాలుగు వేళ్లు. గోళ్ల గుర్తులు లేవు. హైనా అయితే గోళ్లు పడతాయి. చుట్టూ ఇసుక మీద ఆకుల్నుంచి జారిన మంచు చుక్కల గుంటలు సన్నగా ఉన్నాయి, ముద్ర లోపల మాత్రం ఒక్కటీ లేదు. అంటే మంచు రాలాక నడిచింది, ఇంకా ఎక్కువ సేపు కాలేదు. ‘యింగ్వే’ అన్నారాయన. చిరుతపులికి వాళ్ల షిట్సోంగా భాషలో అదే పేరు. తర్వాత తల పక్కకి వంచి విన్నారు. ఎడమ పక్క వాగులో కౌజుపిట్ట ఒకటి ఆగకుండా అరుస్తోంది. అటు పోనిమ్మన్నారు.

నలభై నిమిషాలకి ఒక జాకల్‌బెర్రీ చెట్టు కింద ఆగాం. మన తునికి చెట్టుకి చుట్టమే అది. పైకొమ్మ మీద చిరుత, కొమ్మల సందులో ఇరికించి పెట్టిన ఇంపాలా అనే జింక. కింద ఒక హైనా మెడ నిక్కించి నిలబడి ఉంది. పైనుంచి రక్తం చుక్క ఒకటి దాని మూతి మీద పడింది. నాలుకతో నాకేసి మళ్లీ పైకి చూసింది. ఇంజిన్ ఆపేశారు. గంటకి పైగా అక్కడే ఉన్నాం, ఎవరూ పదండి అనలేదు. చిరుత ఎముక కొరికే చప్పుడు కూడా వినిపించింది. మీరు డబ్బు కట్టేది ఆ చూపుకీ, ఆ గంటకీ.

అందుకే లాడ్జి ఎంచుకునేటప్పుడు గది ముందున్న చిన్న స్విమ్మింగ్ పూల్ ఫోటోలు పక్కన పెట్టి నాలుగు సంగతులు అడగండి. ప్రతి బండికీ ట్రాకర్ ఉంటాడా? ఒక బండిలో ఎంతమందిని ఎక్కిస్తారు? మీ బళ్లు తిరగడానికి హక్కున్న భూమి ఎన్ని హెక్టార్లు? మీ రేంజర్లు ఇక్కడ ఎన్నాళ్లుగా ఉన్నారు? మూడో ప్రశ్న చాలా ముఖ్యం. రిజర్వు 65,000 హెక్టార్లయినా ప్రతి లాడ్జీ అంతటా తిరగలేదు, సొంత భూమిలోనూ, ఇరుగుపొరుగుతో ఒప్పందం ఉన్నచోటా మాత్రమే తిరుగుతుంది. దాన్నే వాళ్లు ‘ట్రావర్సింగ్’ అంటారు. చిన్న జాగాలో చిరుత సరిహద్దు దాటిందంటే మీరు చూస్తూ ఆగిపోవాలి. ఈ నాలుగింటికీ గబగబా, గర్వంగా జవాబు చెప్పే లాడ్జి మధ్యరకం ధరలో దొరికితే, దాన్ని వదులుకుని రెండింతలు పెట్టి పెద్ద పేరున్నదానికి వెళ్లక్కర్లేదు.

ధర గురించి ఒక జాగ్రత్త. అక్కడ రేటు గదికి కాదు, మనిషికి, ఒక రాత్రికి. ఇది గమనించక ఇద్దరికి లెక్క వేసుకోకుండా వచ్చి కంగారుపడినవాళ్లని నేను చాలామందిని ఓదార్చాను. సాదా లాడ్జిల్లో మనిషికి 8,000, 10,000 రాండ్ల (అక్కడి డబ్బు) దగ్గర మొదలై, పేరున్నవాటిలో 40,000 రాండ్లు దాటిపోతుంది. గది, భోజనం, రోజుకి రెండు డ్రైవులు (జంతువుల్ని చూడటానికి పొద్దునా సాయంత్రమూ బండిలో తిరగడం) అందులోనే. రిజర్వు గేటు ఫీజు, అడవి సంరక్షణకి వసూలు చేసే కన్సర్వేషన్ లెవీ విడిగా ఉండొచ్చు, రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు మీ మూడు లాడ్జిల సంగతి. లెక్కకి చూస్తే ఎలా ఉన్నా ఆరు డ్రైవులే వస్తాయి. అయినా నేను వద్దనే చెప్తాను. మొదటి సాయంత్రం రేంజర్‌కి మీరెవరో తెలియదు. ఏనుగంటే మీకు భయమనీ, మీవారికి పిట్టలంటే ఇష్టమనీ రెండో రోజుకి గాని తెలియదు. మొదటి రాత్రి సింహాలు అడవిదున్నల మంద వెనక పడటం చూసి, చీకటి పడి వదిలి వచ్చామనుకోండి. మర్నాడు తెల్లారేసరికి రేంజర్ మీకంటే ఎక్కువ ఆత్రంగా అక్కడికే తీసుకెళ్తాడు. మీరు ఆ పూట సామాను సర్దుకుని ఇంకో లాడ్జికి బయల్దేరితే ఆ కథ మీకు ఎప్పటికీ తెలియదు. పైగా మధ్యాహ్నం పూట నడుం వాల్చే సమయమంతా ప్రయాణానికి పోతుంది. పొద్దున్నే అయిదింటికి తలుపు కొట్టి లేపుతారు, ఆ మధ్యాహ్నం నిద్ర చాలా అవసరం. మూడు రాత్రులూ ఒక్కచోటే ఉండండి.

ప్రశ్న: అక్కా, అమ్మకి 68 ఏళ్లు. మోకాళ్ల నొప్పి ఉంది. శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా తినదు. లాడ్జికి చుట్టూ కంచె ఉండదని విని ఆవిడకి టెన్షన్ పట్టుకుంది. తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా తీసుకెళ్లండి. నేను చూసిన అతిథుల్లో అందరికంటే ఆనందంగా తిరిగినవాళ్లు ఈ వయసువాళ్లే.

బండి ఎత్తుగా ఉంటుంది. ఎక్కడానికి చిన్న మెట్ల స్టాండు పెడతారు, ముందే చెప్తే దాన్ని ప్రతిసారీ సిద్ధంగా ఉంచుతారు. సీట్లు మూడు వరసలు, వెనక్కి వెళ్లేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. అమ్మని రేంజర్ వెనక మొదటి వరసలో కూర్చోబెట్టండి. చివరి వరసలో చూపు బాగుంటుంది గాని కుదుపులన్నీ అక్కడే. గది కూడా భోజనాల హాలుకి దగ్గరది అడగండి. కొన్ని లాడ్జిల్లో గదికీ హాలుకీ మధ్య చెక్క దారి మీద చాలా దూరం నడవాలి.

తిండి విషయం బుకింగు అప్పుడే రాయండి, వెళ్లాక కాదు. అడవి మధ్యలో వంటింటికి సరుకు వారానికి ఒకటి రెండుసార్లే లారీలో వస్తుంది. ముందు తెలిస్తే వంటవాళ్లు నిజంగా మనసు పెట్టి చేస్తారు. మొక్కజొన్న పిండితో గట్టిగా వండే పాప్, దాని మీదికి టమాటా, బీన్సు వేసి కారంగా చేసే చకలాక అమ్మకి నచ్చుతాయి. బటర్‌నట్ గుమ్మడి సూపు దాదాపు ప్రతి లాడ్జిలో ఉంటుంది, చికెన్ స్టాక్ వేయొద్దని చెప్పాలి. పొద్దున్నే కాఫీతో ఇచ్చే రస్కుల్లోనూ, వాళ్లు ముచ్చటపడి పెట్టే మాల్వా పుడ్డింగులోనూ గుడ్డు ఉండొచ్చు, అడగండి. ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. ‘మాంసం, చేప, గుడ్డు, వాటి రసం ఏదీ వద్దు, పాలూ పెరుగూ పరవాలేదు’ అని విడమరచి రాయండి.

కంచె మాట నిజమే. చాలా లాడ్జిల్లో ఉండదు, ఉన్నా ఏనుగులు రాకుండా కట్టిన ఒక తీగ వరసే. అందుకే చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా గది బయట అడుగు పెట్టకూడదని నియమం. భోజనానికి గార్డు వచ్చి తీసుకెళ్తాడు, మళ్లీ గది దాకా దింపుతాడు. అవసరమైతే పిలవడానికి గదిలో ఫోనో, హారనో ఉంటుంది. గోడల మధ్య ఉన్నంతసేపూ భయం లేదు. తొమ్మిదేళ్లలో నేను అందరికంటే ఎక్కువ ఫిర్యాదులు విన్నది కోతుల మీద. బబూన్లు, వర్వెట్ కోతులు అద్దాల తలుపు గడియ వేయకపోతే లోపలికొచ్చి చక్కెర పొట్లాలన్నీ ఖాళీ చేసిపోతాయి. గడియ వేసుకోమనండి.

మీరు అడగలేదు గాని ఆడవాళ్లందరూ నన్ను పక్కకి పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది. డ్రైవు మూడు గంటలు, మధ్యలో బాత్రూమ్ ఎలా? రేంజర్‌కి ఒక్క మాట చెప్పండి చాలు. ఆయన చోటు చూసి, తనే ముందు దిగి, పెద్ద చెదపుట్ట వెనకో గుబురు పొద వెనకో అంతా తిరిగి చూసి వస్తాడు. అందరూ అటు తిరిగి కూర్చుంటారు. వాళ్లకి ఇది రోజూ ఉండే పనే. సిగ్గుపడి నీళ్లు తాగడం మానేసి తలనొప్పి తెచ్చుకున్నవాళ్లని చూశాను, అమ్మని అలా చేయనివ్వకండి. బండిలో దుప్పట్లు ఉంటాయి, చలికాలం పొద్దున వేడినీళ్ల బ్యాగు కూడా ఒళ్లో పెడతారు. మోకాళ్లకి అది బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: మా బాబుకి అయిదేళ్లు. వాడికి జంతువులంటే ప్రాణం. లాడ్జివాళ్లు వాణ్ణి డ్రైవుకి తీసుకెళ్లేది లేదంటున్నారు. మలేరియా భయం కూడా ఉంది.

వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. చాలా లాడ్జిల్లో ఆరేళ్లలోపు పిల్లల్ని అందరితో కలిపి బండి ఎక్కించరు. కొన్నిచోట్ల పదీ పన్నెండేళ్లు నిండితేగాని లాడ్జిలోకే రానివ్వరు. టాపు లేని బండిలో సింహం పది మీటర్లలో ఉన్నప్పుడు అందరూ కదలకుండా, నిలబడకుండా కూర్చోవాలి. బండినీ మనుషుల్నీ కలిపి ఒకే ఆకారంగా చూడటానికి అది అలవాటు పడి ఉంటుంది. ఒక చిన్నపిల్లవాడు చటాక్కున లేచినా, కెవ్వుమన్నా దాని చూపు మారిపోతుంది. అది నేను ఒకసారి కళ్లారా చూశాను. ఏమీ జరగలేదు, కానీ ఆ తల్లి మొహం నాకింకా గుర్తుంది.

మీ కుటుంబానికి విడిగా బండి తీసుకునే వీలుంటే కొన్ని లాడ్జిలు ఒప్పుకుంటాయి, ఖర్చు బాగా ఎక్కువ. లేదా పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమాలుండే లాడ్జి చూసుకోండి.

మలేరియా సంగతికొస్తే, క్రూగర్ వైపు ప్రమాదం ఉన్నదే, సెప్టెంబరు నుంచి మే దాకా ఎక్కువ. అయిదేళ్లవాడితో నేనైతే మలేరియా లేని రిజర్వుకే వెళ్తాను. వాయవ్యాన బోట్స్వానా సరిహద్దులో మడిక్వే ఉంది, సుమారు 75,000 హెక్టార్లు. ఒకప్పుడు పశువుల మేతతో అరిగిపోయిన భూమి. 1991లో రిజర్వుగా ప్రకటించి, తర్వాతి ఏళ్లలో 8,000కి పైగా జంతువుల్ని తెచ్చి వదిలారు. ఇప్పుడు ఏనుగులు, సింహాలు, అడవికుక్కలు అన్నీ ఉన్నాయి. పిలానెస్‌బర్గ్, వాటర్‌బర్గ్, ఈస్టర్న్ కేప్ రిజర్వులకి కూడా మలేరియా బెడద లేదు.

క్రూగర్ వైపే వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు డాక్టరుని కలిసి మాత్రలు రాయించుకోండి. ఏ మందు, ఎంత అన్నది ఆయనే చెప్పాలి. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. తిరిగొచ్చాక కూడా మాత్రలు కొనసాగించాలి, అటోవాక్వోన్–ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు, డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు. ఇంటికి రాగానే మానేసేవాళ్లే ఎక్కువ. తర్వాతి వారాల్లో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి.

ప్రశ్న: చిన్న విమానంలో లాడ్జికి వెళ్తున్నాం. సూట్‌కేసు వద్దంటున్నారు. నీలం, నలుపు బట్టలు వేసుకోకూడదంటున్నారు. నిజమేనా?

సూట్‌కేసు మాట నిజం. చిన్న విమానాల్లో సామాను పెట్టే చోటు ఇరుకు. మెత్తటి బ్యాగు, మామూలుగా 20 కిలోల లోపు. చాలా లాడ్జిల్లో బట్టలు ఏ రోజుకారోజు ఉతికిస్తారు, మూడు జతలు చాలు. నీలం, నలుపు రంగులకి సెట్సీ ఈగలు (రక్తం పీల్చే ఈగలు) వస్తాయన్న మాట తూర్పు ఆఫ్రికాది. క్రూగర్ ప్రాంతంలో 1896లో వచ్చిన రిండర్‌పెస్ట్ పశువుల వ్యాధి తర్వాత సెట్సీ ఈగ కనుమరుగైంది. నడకకి వెళ్తే మాత్రం మట్టిరంగు, ఆకుపచ్చ వేసుకోండి, తెల్లచొక్కా దూరం నుంచే మెరుస్తుంది. చలికాలమైతే టోపీ, చేతి తొడుగులు తప్పనిసరి. ఆఫ్రికా కదా అని పల్చటి బట్టలతో వచ్చి జులైలో గజగజ వణికినవాళ్లకి నా స్వెటర్లు ఎన్నిచ్చానో!

ప్రశ్న: ఏ నెలలో వెళ్లాలి? జులైయా, డిసెంబరా?

మొదటిసారి, జంతువులే ముఖ్యం అనుకుంటే మే నుంచి సెప్టెంబరు. వానలుండవు, గడ్డి ఎండిపోయి చూపు దూరం పోతుంది, జంతువులు నీళ్ల దగ్గరికి చేరతాయి. నాకు ఇష్టమైనది మాత్రం నవంబరు చివర, డిసెంబరు. తొలి వానలకి అడవంతా పచ్చబడుతుంది, ఇంపాలాలు కొద్ది వారాల్లోనే అన్నీ కలిసి ఈనుతాయి, కాళ్లు తడబడుతూ లేచే పిల్లలు ఎటు చూసినా ఉంటాయి. వలస పిట్టలు తిరిగొస్తాయి. గడ్డి ఎత్తుగా ఉంటుంది కాబట్టి వెతకడం కష్టం, వేడి, దోమలు కూడా ఎక్కువ. రెండోసారి వెళ్లేవాళ్లకి ఆ కాలం చెప్తాను.

ప్రశ్న: జొహానెస్‌బర్గ్ నుంచి ఒకరోజు టూరులో సింహం పిల్లల్ని ఎత్తుకుని పాలు పట్టొచ్చని ప్రకటన చూశాం. మా అమ్మాయి చాలా ముచ్చటపడుతోంది. లాడ్జికి వెళ్లే ముందు అది కూడా చూసుకోమంటారా?

వద్దమ్మా. దయచేసి వద్దు.

పాలు పట్టడానికి మీ చేతికిచ్చిన ఆ పిల్లని పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుంచి విడదీస్తారు. పిల్లలు దూరమైతే ఆడసింహం త్వరగా మళ్లీ ఎదకొస్తుంది, దానిచేత మళ్లీ పిల్లల్ని పెట్టిస్తారు. పిల్ల కొన్ని నెలలకి ఎత్తుకోలేనంత పెద్దదవుతుంది. తర్వాత దాన్ని అడవిలో వదల్లేరు, మనుషులంటే భయం లేని సింహాన్ని ఎవరు వదులుతారు? చాలావాటి చివరి మజిలీ కంచె లోపల డబ్బు తీసుకుని చేయించే వేట, లేదా ఎముకల వ్యాపారం. దక్షిణాఫ్రికాలో అడవిలో తిరిగే సింహాల కంటే ఇలా కంచెల వెనక పెంచుతున్నవే ఎక్కువ. ఈ పెంపకాన్ని మూసేసే దిశగా 2024లో అక్కడి మంత్రివర్గం సిఫార్సుల్ని ఆమోదించింది గానీ ప్రకటనలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. సింహాన్ని ముట్టుకోనిచ్చే చోటు ఏదైనా, దాని పేరులో ‘సంరక్షణ’ అని ఉన్నా, వెళ్లకండి. మీ అమ్మాయికి కారణం చెప్పండి. పిల్లలు మనకంటే త్వరగా అర్థం చేసుకుంటారు.

ఈ సందర్భంలోనే ఇంకో సంగతి. ‘ప్రైవేట్ రిజర్వు’ అన్నంత మాత్రాన వేట ఉండదని కాదు. క్రూగర్‌ని ఆనుకున్న వాటిలోనే టింబవాటి లాంటి కొన్ని రిజర్వుల్లో కోటా ప్రకారం పరిమితంగా వేటకి అనుమతి ఉంది, ఆ డబ్బు కాపలా ఖర్చుకి పనికొస్తుందని వాళ్లు చెప్తారు. మీకు అది సమ్మతమో కాదో మీ ఇష్టం. కానీ తెలిసి వెళ్లండి, బుకింగు అప్పుడే అడగండి.

ఖడ్గమృగాల దగ్గర కూడా ఒక మాట. కొమ్ము కోసేసిన ఖడ్గమృగాన్ని చూసి అమ్మాయి బాధపడొచ్చు. కొమ్ము కోసం చంపే దొంగవేటగాళ్ల నుంచి కాపాడటానికే అలా చేస్తారు. మత్తు ఇచ్చి, మన గోరు కత్తిరించినట్టే కోస్తారు, మళ్లీ పెరుగుతుంది. క్రూగర్ చుట్టుపక్కల రిజర్వుల్లో 2017 నుంచి 2023 దాకా జరిగిన అధ్యయనంలో, కొమ్ములు కోసిన చోట దొంగవేట 78 శాతం తగ్గిందని తేలింది. ఫోటో తీసుకోండి, కానీ ఫోన్‌లో లొకేషన్ ఆపేసి తీయండి. ఎక్కడ తీశారో ఎక్కడా పెట్టకండి.

ప్రశ్న: టిప్పులు ఎవరికి, ఎలా ఇవ్వాలి?

రాండ్లలో, నగదుగా, వెళ్లే ముందు. రేంజర్‌కీ ట్రాకర్‌కీ విడివిడి కవర్లలో మీ చేత్తో ఇవ్వండి. వంటింటివాళ్లకీ గదులు సర్దేవాళ్లకీ కలిపి రిసెప్షన్‌లో ఒక పెట్టె ఉంటుంది. ఎంత అన్నది గదిలో పెట్టిన పుస్తకంలో సూచనగా రాసి ఉంటుంది. రేంజర్ ఇంగ్లీషులో కబుర్లు చెప్తాడు కాబట్టి ఆయనే గుర్తుండి, ముందు సీటులో మౌనంగా కూర్చున్న మనిషిని మర్చిపోతారు. ట్రాకర్ కళ్లల్లోకి చూసి ‘ఇంకోము’ అనండి. షిట్సోంగాలో కృతజ్ఞత చెప్పే మాట.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన ఉద్యోగిని. జీవితంలో ఒక్కసారని దాచుకున్న డబ్బుతో మా ఆవిడతో సాబీ శాండ్‌లో రెండు రాత్రులున్నాను. బిగ్ ఫైవ్ అన్నారు. నాలుగు డ్రైవుల్లో నాలుగే కనిపించాయి, చిరుత కనిపించలేదు. రెండో సాయంత్రం రేంజర్ ఒక వాగు పక్కన ఇంజిన్ ఆపి అరగంట ఊరికే కూర్చోబెట్టాడు. ట్రాకర్ దిగి నడిచి వెళ్లి వచ్చాడు, ఇద్దరూ వాళ్ల భాషలో ఏదో అనుకున్నారు, బండి వెనక్కి తిప్పారు. మోసపోయామనిపిస్తోంది.

పెద్దవారు, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దాచుకున్న డబ్బు గురించి రాశారు కాబట్టి జాగ్రత్తగా జవాబు రాస్తున్నాను.

బిగ్ ఫైవ్ అన్నది వేటగాళ్ల మాట. కాలినడకన వేటాడటానికి ప్రమాదకరమైన అయిదు జంతువులకి (సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న) వాళ్లు పెట్టిన పేరు. ప్రకటనల్లో ఆ మాట వాడి, చూసేవాళ్ల చేతిలో ఒక లిస్టు పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. నాలుగు కనిపించినా కనిపించని ఒక్కటే మిమ్మల్ని బాధపెడుతోంది.

ఇక ఆ సాయంత్రం సంగతి. నేను అక్కడ లేను కాబట్టి ఇదే జరిగిందని చెప్పలేను. కానీ ఇంజిన్ ఆపడం, ట్రాకర్ ఒక్కడే దిగి వెళ్లడం, వచ్చి రేంజర్‌తో మాట్లాడటం, వెనక్కి తిప్పడం, ఈ వరస నాకు బాగా తెలుసు. ఇంజిన్ ఆపేది వినడానికి. వర్వెట్ కోతులో, ఉడతలో, ఇంపాలాలో హెచ్చరిక కూతలు వేస్తుంటే చిరుత ఎటు కదులుతోందో వాటి గొంతుల్ని బట్టే తెలుస్తుంది. ట్రాకర్ నడిచి వెళ్లి జాడ చూస్తాడు. పెద్ద జాడ పక్కన బొటనవేలంత చిన్న జాడలు కనిపించాయనుకోండి, తల్లి పిల్లల్ని ఆ వాగులో దాచిందన్నమాట. అప్పుడు మా లాడ్జిలో అయితే బండి అక్కడి నుంచి తిప్పేయాల్సిందే. మరీ చిన్న పిల్లలున్న చోటికి స్పాట్‌లైటుతో బళ్లు వెళ్తే హైనాలకో సింహాలకో దారి చూపించినట్టవుతుంది, తల్లి కూడా బెదిరి చోటు మారుస్తుంది. సాబీ శాండ్‌లో చిరుతలు బళ్ల పక్క నుంచే నిబ్బరంగా నడిచిపోతాయని పేరు. ఆ పేరు ఒక్కరోజులో రాలేదు. 1979లో ఒక తల్లి చిరుత బళ్లని దగ్గరికి రానివ్వడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి తరాల తరబడి వాటిని బెదరగొట్టకుండా, రావద్దన్నప్పుడు వెనక్కి తగ్గుతూ సంపాదించుకున్న నమ్మకం అది. జాడ మరీ పాతదై వదిలేసి ఉండొచ్చు, చిరుత సరిహద్దు దాటి ఉండొచ్చు కూడా. ఏదైనా మీకు తెలుగులో కాకపోయినా ఇంగ్లీషులోనైనా అక్కడే చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం ఆ రేంజర్ తప్పే.

మీరు ఒక పని చేయండి. ఆ లాడ్జికి ఉత్తరం రాయండి. మీరున్న తేదీ, సాయంత్రం డ్రైవు అని రాసి, ఆ వాగు దగ్గర ఏం కనబడిందని అడగండి. మా లాడ్జిలో ప్రతి డ్రైవు అయ్యాక రేంజర్లు ఏ జంతువుని ఎక్కడ చూశారో, ఏ జాడలు దొరికాయో, ఎందుకు వదిలేశారో రాసి పెట్టేవారు. అక్కడ చిరుతల్ని మీసాల పైనుండే చుక్కల లెక్కతో ఒక్కొక్కదాన్నీ గుర్తుపడతారు, ఒక్కొక్కదానికీ పేరుంటుంది. ఆ వాగు ఏ చిరుత ఇలాకానో వాళ్లకి తెలిసే ఉంటుంది. నిజంగానే పిల్లలుంటే ఈపాటికి అవి తల్లి వెనక నడుస్తుంటాయి. ఫోటో ఒకటి పంపమనండి. జవాబు వస్తే నాకూ రాయండి.